రెండేళ్ళయినా నలగని జత

ఆ కబురు నాకు మొదట చెప్పింది ఎండుచేపల వెంకాయమ్మ. అంతకు ముందు ఎనిమిదేళ్ళుగా మా బూట్ల కొట్టు కౌంటరు మీద ఒక నల్లబూట్ల జత ఉండేది. "ఇదిగోనండి, ఓ పిల్ల రెండేళ్ళు వాడిన జత. అడుగు అరిగిందేమో మీరే చూసుకోండి" అంటూ వచ్చిన ప్రతి తండ్రి చేతిలోనూ పెట్టేదాన్ని. ఆ పిల్ల ఆ బూట్లతో నడవలేకపోయిందని, అందుకే అవి అరగలేదని వెంకాయమ్మ చెప్పేదాకా నాకు తెలియలేదు.

నరసాపురంలో ఒకే కొట్టులో, ఒకే మూల, పిల్లల స్కూలు బూట్ల దగ్గర ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. మానేసి మూడేళ్ళయింది. ఈ మధ్య మా వీధి ఆడపిల్లలిద్దరు బూట్ల షాపుల్లో పనికి కుదిరారు. అందులో ఒకమ్మాయి వచ్చి, "పిన్నిగారూ, ఈ పనిలో నేర్చుకోడానికి ఏముంటుందండీ? సైజు అడిగి పెట్టె తియ్యడమేగా" అంది. నవ్వి ఊరుకున్నాను కానీ ఆ పూట అన్నం సహించలేదు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను మరి. అందుకే ఇది రాస్తున్నాను. నా జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ పండక్కి ఎవరు సన్మానం చేశారో మీకు పనికిరాదు. చేసిన తప్పు పనికొస్తుంది.

పీట మీద ఉద్యోగం

నేను బడికి వెళ్ళలేదు. బడికి పోవాలంటే బల్లకట్టు మీద కాలవ దాటాలి. మా నాయనమ్మ ఒప్పుకోలేదు. మా నాన్నగారే అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, ఎక్కాలు వల్లె వేయించారు, సాయంత్రాలు నాచేత పురాణం చదివించుకునేవారు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. రోజూ దీపం వెలిగించేటప్పుడు ఆయనకో దణ్ణం పెట్టుకుంటాను.

మా ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు చేసి మంచం పట్టినప్పుడు, బూట్ల కొట్టు సుబ్బారాయుడు గారు నన్ను పిలిపించారు. "ఎనిమిదీ తొమ్మిదీ చదివే ఆడపిల్లలు వస్తుంటారమ్మా. మగవాళ్ళు బూట్లు తొడుగుతుంటే తల్లులు మొహమాటపడుతున్నారు. మీరు కూర్చుంటే గౌరవంగా ఉంటుంది" అన్నారు. మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున, "చెప్పులు ముట్టుకున్న చేతుల్తో దేవుడి గది గడప తాకకు, స్నానం చేసి వెళ్ళు" అని మాత్రం అన్నారు. ఆవిడ బతికినన్నాళ్ళూ అలాగే చేశాను. కోపం లేదు. వెళ్ళనిచ్చారు, అదే పదివేలు.

స్కూలు బూటు కాలికి తొడిగితే ఎలా ఉంటుందో నాకు తెలియదు. నేను ఎప్పుడూ తొడగలేదు. అందుకేనేమో ప్రతి జతా నా కంటికి అపురూపంగా ఉండేది. పెట్టె మూత తీసి, పల్చటి కాగితం విప్పి చూపిస్తుంటే ఆ మెరుపు నాకే ముచ్చటేసేది. అలా ముచ్చటపడే వస్తువులో లోపం కనబడదు. నా తప్పుకి బీజం అక్కడే పడిందనుకుంటాను.

సుబ్బారాయుడు గారు మంచి యజమాని. మా ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నన్ను ఒక్క రోజు కూడా ఆలస్యమైందని అడగలేదు. ఆ మేలు మర్చిపోతే నాకు పుట్టగతులుండవు. కానీ పని నేర్పేటప్పుడు ఆయన చెప్పిన మూడు మాటలూ తప్పేనని ఇప్పుడు చెప్పక తప్పదు. పిల్లని అడక్కు, తండ్రిని అడుగు. వెడల్పు చాలకపోతే సైజు పెంచు. నడిపించాలంటే తివాచీ ముక్క మీదే నడిపించు. ఈ మూడూ అమ్మకానికి మంచివే. తివాచీ మీద ఏ బూటైనా మెత్తగానే ఉంటుంది మరి.

కాలు పట్టుకోకపోవడం

మన వైపు ఒక పట్టింపు ఉంది. చిన్నపిల్లల కాళ్ళు పెద్దవాళ్ళు పట్టుకోకూడదు, పట్టుకుంటే పిల్లకి ఆయుక్షీణం అంటారు. నేను పీట మీద నుంచి వంగి మడమ పట్టుకోబోతే, "అయ్యయ్యో, వద్దండీ, మీరు పెద్దవారు!" అని తల్లి కంగారుపడేది. పిల్ల కాలు వెనక్కి లాక్కునేది. కొందరైతే దోషం పోవాలని ఎదురు నా కాళ్ళకే దణ్ణం పెట్టేసేవారు. "నీ బూట్లు కొనడానికొచ్చి ఆవిడ ఆశీర్వాదం కొనుక్కున్నావేంట్రా" అని ఓ తండ్రి నవ్వడం ఇంకా గుర్తుంది.

నాకూ ఆ పట్టింపు లేకపోలేదు. నా పిల్లల్నీ అలాగే పెంచాను. కాలు పట్టుకున్నప్పుడల్లా "ఈ పిల్లకేం చేటు చేస్తున్నానో స్వామీ" అని లోపల పీకుతుండేది. అందుకని మెల్లమెల్లగా మానేశాను. బూటు పిల్ల ముందు పెట్టేదాన్ని. తనే తొడుక్కునేది. "బాగుందా అమ్మా?" అని అడిగేదాన్ని. "బాగుందండి" అనేది. నన్ను ఏ పని కోసం పెట్టుకున్నారో ఆ పనే నేను చెయ్యడం లేదు. ఎవరూ అభ్యంతరపెట్టలేదు. పైగా పని తొందరగా తెమిలేది. జూన్ నెలలో పిల్లలు గుమ్మం దాకా నిలబడి ఉంటారు కదా, ఆ రద్దీలో అది గొప్ప సుఖం.

అప్పన్న కూతురు

అప్పన్న గారిది మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డున చిన్న పేట. వేటకి వెళ్ళే మనిషి. పెద్ద కూతురు నాగరత్నానికి అప్పుడు పదకొండేళ్ళు. నరసాపురంలో ఒక ఇంగ్లీషు మీడియం బడిలో ఆరో తరగతిలో చేర్పించి, నల్లబూట్లు కావాలంటే మా కొట్టుకి తీసుకొచ్చారు. వెంట ఆయన అక్క వెంకాయమ్మ ఉంది. ఎండుచేపల గంప గుమ్మం బయట పెట్టి వచ్చింది.

"బూట్లేసుకుని ఏ సముద్రం మీద నడుత్తాదిరా ఇది?" అంది వెంకాయమ్మ.

"నువ్వూరుకో అక్కా. మా ఇంటావంటా బూటేసుకున్న మొదటి మనిసండి ఇది" అన్నారు అప్పన్న గారు నావైపు తిరిగి. "మెత్తనియ్యి వద్దండి మేడంగారూ. గట్టియ్యి చూపించండి. రెండేళ్ళు రావాలి. మా పడవ చెక్కలాగుండాలి."

"అయితే తెడ్డు కూడా కొను" అంది వెంకాయమ్మ. కొట్టులో అందరం నవ్వాం. పిల్ల కూడా నవ్వింది.

అందరికీ అందుబాటులో ఉండి, గట్టిగా మన్నే రకం మా దగ్గర ఒకటుండేది. మందపాటి అడుగు, బిగువైన రెగ్జిను, మడమ వెనక గట్టి అట్ట. అదే తీశాను. ఇసకలో ఉత్తికాళ్ళతో పెరిగిన పిల్ల పాదం వేళ్ళ దగ్గర విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. రత్నం పాదం అలాంటిదే. పొడుగు సరిపోయిన బూటులో వేళ్ళు పట్టలేదు. నేర్చుకున్న ప్రకారం ఒక సైజు పెంచాను. ముందు ఖాళీకి దూది ఇచ్చాను. సైజు పెంచితే పొడుగు పెరిగినంత వెడల్పు పెరగదు. చిటికెన వేలు నలుగుతూనే ఉంటుంది. ఇటు మడమ వదులై, అడుగు వేసినప్పుడల్లా ఆ గట్టి అట్ట చర్మాన్ని రాస్తుంది. రెండు చోట్లా బాధే.

వేళ్ళు ఎక్కడున్నాయో చూద్దామని ఎందుకో ఆ రోజు చెయ్యి చాపాను. రత్నం ఠక్కున కాలు లాక్కుంది.

"వద్దండి, మీరు పట్టుకోకండి. ఆడపిల్ల, ఎందుకొచ్చింది" అంది వెంకాయమ్మ.

నేనూ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "బాగుందా అమ్మా?" అన్నాను.

రత్నం తండ్రి వైపు చూసింది. ఆయన మొహం తిరునాళ్ళలా ఉంది. "బాగుందండి" అంది.

రెండేళ్ళ తరవాత అప్పన్న గారు అదే పెట్టెలో అదే జత పెట్టుకుని వచ్చారు. "చూడండి మేడంగారూ! రెండేళ్ళండి! గీత పడిందా? ఇదే రకం, పెద్ద సైజు ఇవ్వండి" అన్నారు. రత్నం ఆయన వెనకాల తల వంచుకుని నిలబడింది. ఆ రోజు నవ్వలేదు. సుబ్బారాయుడు గారు బూట్లు తిరగేసి చూసి ఆశ్చర్యపోయారు. "అప్పన్న గారూ, ఈ జత మాకిచ్చెయ్యండి. కొత్త జత ధరలో తగ్గిస్తాం. మీ అమ్మాయి బూట్లని అందరికీ చూపిస్తాం" అన్నారు. ఆ మాటకి ఆయన పొంగిపోయారు.

ఆ జత శుభ్రం చేసింది నేనే. మడమ దగ్గర లోపలి బట్ట మీద గోధుమరంగు మరకలున్నాయి. కాలవ గట్టు బురదనుకుని తడిగుడ్డతో రుద్ది రుద్ది తుడిచాను. పాలిష్ పెట్టి కౌంటరు మీద నిలబెట్టాను.

ఏసేబు చెప్పిన మాట

మా కొట్టు ముందు గొడుగు కింద ఏసేబు అని చెప్పులు కుట్టే ఆయన కూర్చునేవాడు. నాకు ఈ పనిలో నిజమైన గురువెవరంటే ఆయన పేరే చెప్పాలి. కానీ ఆయన్ని గురువని ఒప్పుకోడానికి నాకు చాలా కాలం పట్టింది. "మీరు అమ్మిన తప్పులన్నీ నా గొడుగు కిందికే వత్తాయమ్మగారూ" అనేవాడు నవ్వుతూ. నిజంగానే ఏ బూటు ఎక్కడ చిరుగుతుందో, ఏ పిల్ల ఏ పక్కకి వంచి నడుస్తుందో ఆయనకి తెలిసినట్టు మాకు తెలియదు.

ఆ జత పెట్టిన వారానికే ఏసేబు దారం కోసం లోపలికొచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అడుగు చూడలేదు. వేళ్ళ దగ్గర పైభాగం చూశాడు, లోపలికి వేలు పెట్టి తడిమాడు.

"ఇది నడిచిన బూటు కాదమ్మగారూ" అన్నాడు.

"రెండేళ్ళు నడిచింది. వాళ్ళ నాన్న చెప్పాడు" అన్నాను.

"నడిత్తే ఇక్కడ మడత పడాలి కదండీ. లోన అట్ట మీద ఏళ్ళ గుంటలు పడాలి. ఇది పెట్టెలో ఉన్న బూటండి."

"నీకు కుట్టుపని తగలని బూటని ఏడుపురా నీకు!" అన్నారు సుబ్బారాయుడు గారు గల్లా దగ్గర నుంచి. ఏసేబు నవ్వి వెళ్ళిపోయాడు. నేనూ నవ్వాను. ఎరిగినవాడు మాట చెప్పినప్పుడు నవ్వేసి ఊరుకోవడం ఎంత తేలికో చూడండి. ఆ జత అక్కడే ఉండిపోయింది. దాన్ని చూసి ఎంతమంది తల్లిదండ్రులు అదే రకం కొనుక్కుపోయారో, ఎంతమంది పిల్లలు ఆ గట్టి అట్టతో తిప్పలు పడ్డారో ఆ దేవుడికే తెలియాలి.

వెంకాయమ్మ వచ్చిన పొద్దు

నా ఉద్యోగం ఇంకో ఏడాదికి ముగుస్తుందనగా, జూన్ నెలలో ఒక ఉదయం. కొట్టు కిటకిటలాడుతోంది. ఒక తండ్రి చేతిలో ఆ జత పెట్టి నా పాఠం నేను చెబుతున్నాను. మనవడికి శాండల్స్ కొందామని వచ్చిన వెంకాయమ్మ నా వెనక నిలబడి విన్నది.

"ఎవరు వాడారన్నారండీ?" అంది.

"మీ రత్నమేనమ్మా. గుర్తు పట్టలేదా?"

"గుర్తు పట్టకేం! ఎడమదాని లేసు కన్నానికి రేకు ఊడిపోతే మావోడు రాగితీగ సుట్టాడు, అదిగో. నేననేది అది కాదండీ. రెండేళ్ళు వాడిందని ఎవరు సెప్పారు మీకు?"

"మీ తమ్ముడే."

వెంకాయమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "ఆడికేం తెల్సండీ, తెల్లారగట్ల వేటకి పోయేవోడికి. మొదటి నాలుగు రోజులకే మడం ఒరుసుకుపోయింది. ఇంక బళ్ళో పేయరు గంటకి తొడిగేది, పేయరయ్యాక ఇప్పి సంచిలో పెట్టేసుకునేది. దారంతా ఉత్తికాళ్ళే. సంచిలో ఉన్న బూట్లు అరగమంటే ఎలా అరుగుతాయండీ?"

"మరి చెప్పలేదేమమ్మా?"

"ఎవరికి సెప్పుద్ది? మా అమ్మాయి బూట్లు సూడండని ఆడు ఊరంతా సెప్పుకుని తిరుగుతుంటే పిల్ల నోరెలా తెరుత్తాది? నాకే పుండైనాక తెలిసింది."

తరవాతది కూడా చెప్పింది. రెండో జత కొన్న ఏడు బడిలో కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చి, సాయంత్రం దాకా బూట్లు విప్పకూడదన్నారట. మడమ ఒరుసుకుపోయి పుండైంది. ఆ పుండుతోనే రోజూ మురుగునీటి డ్రైను కాలవ గట్టు వెంట నీళ్ళలో దిగి బస్సుకి పోయేది. చీము పట్టింది. నెలన్నర ఆసుపత్రిలో ఉంది. పరీక్షలు పోయాయి. మళ్ళీ అదే తరగతిలో కూర్చోమన్నారు. చిన్నపిల్లల పక్కన కూర్చోలేక మానేసింది. తండ్రికి మాత్రం ఆల్చిప్ప గుచ్చుకుందని చెప్పింది.

నా ఎదురుగా ఉన్న తండ్రి చేతిలోని జత మెల్లగా కౌంటరు మీద పెట్టేశాడు. కొత్త బూట్లు తొడుక్కుని నిలబడ్డ కూతురి ముందు గొంతుక్కూర్చుని, "నిజం చెప్పమ్మా, నొప్పెడుతున్నాయా?" అని అడిగాడు. ఆ పిల్ల ఔనని తల ఊపింది. నేను అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అలా అడగలేదు.

ఆ జత తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాను. లోపలి బట్ట వేలితో తిప్పి చూశాను. నేను అంత రుద్దినా పోని మరక అక్కడే ఉంది. అది బురద కాదని చూడగానే తెలిసింది. ఎనిమిదేళ్ళ కింద కూడా తెలియాల్సింది.

"మనకేం తెలుసమ్మా, బాధపడకండి" అన్నారు సుబ్బారాయుడు గారు. పెద్దవారయిపోయారు పాపం, నన్ను ఓదార్చడానికే అన్నారు. కానీ ఏసేబుకి తెలుసు. చెప్పాడు కూడా. వెళ్ళి ఒప్పుకుందామంటే ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు.

రొయ్యల షెడ్డు దగ్గర

ఆ వారం సెలవు రోజున పొద్దున్నే దీపం పెట్టి, నరసింహస్వామికి చెప్పుకుని, మొగల్తూరు బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో, రత్నం పనికి పోతోందని వెంకాయమ్మ చెప్పిన రొయ్యల షెడ్డుకి. మధ్యాహ్నం భోజనాల వేళ రత్నం బయటికొచ్చి గట్టు మీద కూర్చుంది. పొడుగాటి రబ్బరు బూట్లు వేసుకుంది, అక్కడ అందరూ అవే వేసుకుంటారు. తనవి మాత్రం మడమ వెనక బ్లేడుతో నిలువునా చీల్చి ఉన్నాయి. పాత మచ్చకి తగలకుండా కోసుకుందట. ఆ చీలికలోంచి ఐసు నీళ్ళు లోపలికి పోతాయి.

"మీరు బూట్ల మేడంగారు కదండీ!" అని లేచి నిలబడింది.

కూర్చోమని, నేనూ పక్కన కూర్చుని, నాకు వచ్చిన మాటలన్నీ చెప్పాను. వింటున్నంతసేపూ ఆ పిల్ల కేరియరు మూత వేళ్ళతో తిప్పుతూనే ఉంది.

"అయ్యో, మీరు అలా అనకండి. మీరు అడిగారు కదండీ. నేనే బాగుందన్నాను."

"ఎందుకన్నావమ్మా?"

"నాన్న మొహం చూసి."

కేరియరు మూత పక్కన పెట్టి మళ్ళీ అంది: "మీరు నా కాలు పట్టుకోబోయారు, గుర్తుందా అండీ? అత్త ఆయుక్షీణం అనుకుంది. నేను అందుకు లాక్కోలేదండి. చిటికెన వేలు అప్పటికే నలిగిపోతోంది. మీ చెయ్యి తగిలితే ఏడ్చేస్తానని లాక్కున్నాను."

ఆ పిల్ల బాధ దాచుకోడానికి పట్టింపు అడ్డం పెట్టుకుంది. నేను నా పని తప్పించుకోడానికి అదే అడ్డం పెట్టుకున్నాను. దేవుడి పేరు చెప్పి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ చెయ్యి ఇంకొక్క జానెడు ముందుకి పోయి ఉంటే ఆ పిల్ల ఏడ్చేది, తండ్రికి తెలిసేది, ఆ బూట్లు పెట్టెలోకి తిరిగి పోయేవి.

చదువు ఆగిపోవడానికి బూటొక్కటే కారణమని నేను అనను. ఆ బడి పద్ధతి ఉంది, డ్రైను నీళ్ళున్నాయి, ఇంటి పరిస్థితి ఉంది. కానీ మొదలు మాత్రం నా పీట దగ్గరే.

"ప్రైవేటుగా పదో తరగతి కట్టొచ్చమ్మా. పుస్తకాలు నేను తెస్తాను" అన్నాను.

"చూద్దామండి" అంది నవ్వుతూ. మన వైపు చూద్దామండి అంటే ఏమిటో మీకు తెలుసు. ఆ తరవాత రెండుసార్లు వెళ్ళాను, పుస్తకాలు కూడా ఇచ్చి వచ్చాను. కట్టలేదు. షెడ్డులో సెలవివ్వరు, ఇల్లు చూసుకోవాలి, ఇప్పుడెందుకులెండి అంది.

ఆ మొదటి రోజు షెడ్డులో గంట కొడితే లేస్తూ, "నాన్నకి చెప్పకండి. మీ కొట్టులో నా బూట్లున్నాయని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు" అంది. చెప్పనని మాటిచ్చాను.

అప్పన్న గారు అడిగినప్పుడు

నాలుగు నెలల తరవాత అప్పన్న గారు వలదారం కొనడానికి ఊళ్ళోకొచ్చి, అలవాటు ప్రకారం మా కొట్టులోకి తొంగిచూశారు. ఎప్పుడొచ్చినా అంతే. గుమ్మంలో నిలబడి కౌంటరు మీద జతని ఒకసారి చూసుకుని, "ఉన్నాయాండీ మావి?" అని నవ్వి పోయేవారు.

"మా జత ఏదండీ?" అన్నారు ఆ రోజు.

"పాతబడ్డాయని లోపల పెట్టామండి."

"ఆయ్, మరి ఎన్నాళ్ళుంటాయి లెండి" అన్నారు. మొహం కాస్త చిన్నబోయింది. వెళ్ళబోయి మళ్ళీ వెనక్కొచ్చారు. "మీకు అక్కర్లేకపోతే నాకిచ్చేస్తారా అండీ? ఇంట్లో పెట్టుకుంటాను. అది బడి మానేసింది కానండీ, బూటు మాత్రం పాడుచెయ్యలేదు. వస్తువంటే అంత జాగ్రత్త మా పిల్లకి."

నిజం చెప్పాలని నోటి దాకా వచ్చింది. రత్నానికిచ్చిన మాట అడ్డొచ్చింది. కాగితంలో చుట్టి ఇచ్చాను. రెండు చేతుల్తో పుచ్చుకున్నారు. ఆ మౌనం పుణ్యమో పాపమో నేను తేల్చుకోలేకపోయాను. ఆయన కిందటేడు కాలం చేశారు. ఇది రాయనా అని అడిగితే, "ఇప్పుడు రాయండి" అంది రత్నం.

మీరు చేయవలసింది

నా ఆఖరి ఏడాదంతా ప్రతి పిల్ల కాలూ పట్టుకున్నాను. తల్లి వద్దంటే, "దోషమేదైనా ఉంటే నాకే రానివ్వండమ్మా, స్వామికి చెప్పుకున్నాను" అనేదాన్ని. చెప్పుకునే పట్టుకునేదాన్ని కూడా. బూటు మీద నుంచి చిటికెన వేలు నొక్కి, నా కళ్ళు మాత్రం పిల్ల మొహం మీద పెట్టేదాన్ని. నోరు బాగుందన్నా కనుబొమ అబద్ధం చెప్పదు. తివాచీ ముక్క తీయించేసి సిమెంటు నేల మీద గుమ్మం దాకా నడిపించాను. బడికి వేసుకునే మేజోళ్ళు తెచ్చుకోమన్నాను, వీలైతే సాయంత్రం రమ్మన్నాను. పొద్దంతా తిరిగిన పాదం అప్పటికి కాస్త ఉబ్బుతుంది, అదే అసలు కొలత. విశాలమైన పాదానికి మా దగ్గర తగిన బూటు లేకపోతే లేదని చెప్పి పంపేశాను. పట్టీ ఉన్న శాండల్ ఒప్పుకుంటారేమో బడిలో అడగమన్నాను. గట్టిగా ఉండాలి, రెండేళ్ళు రావాలి అని అడిగే తండ్రిని విసుక్కోకండి, ఆయన కష్టం ఆయనది. కానీ గట్టిదనం అడుగులో ఉండాలి, మడమ వెనక కాదు. ఎవరైనా పాత జత తెచ్చి ఎంత బాగా మన్నిందో చూడమంటే, ముందు లోపల చెయ్యి పెట్టి వేళ్ళ గుంటలు తడమండి.

అమ్మకం కొంచెం తగ్గింది. సుబ్బారాయుడు గారు ఏమీ అనలేదు. అందుకు కూడా ఆయనకి రుణపడి ఉన్నాను. అయితే ఒక్క ఏడాది సరిగ్గా చేసిన పని ముందున్న ఇరవై ఎనిమిదేళ్ళని కడగదు. అలా కడుగుతుందని నాకు నేను చెప్పుకోను.

నన్ను మీరు గుర్తు పెట్టుకోనక్కర్లేదు. ఒక్క మనిషిని మాత్రం గుర్తు పెట్టుకోమని చేతులెత్తి అడుగుతున్నాను. రద్దీలో, ఎండలో, మీ నడుం విరిగిపోతున్న వేళ, ఒక పిల్ల వాళ్ళ నాన్న వైపు చూసి బాగుందండి అంటుంది. పెట్టె మూసే ముందు ఆవిణ్ణి తలుచుకోండి. పేరు నాగరత్నం. మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డు పేటలో ఇంగ్లీషు మీడియానికి వెళ్ళిన మొదటి ఆడపిల్ల. ఎనిమిదో తరగతి సగం దాకా చదివింది.